సరంగు గారి ఫ్లాస్కు

నేను ఒక ఫ్లాస్కుని. ఇప్పుడు దుకాణాల్లో కనిపించే స్టీలు జాతిని కాను. నాకు పైన ఎర్ర పువ్వులు అద్దిన రేకు తొడుగు, లోపల గాజు సీసా. ఆ గాజు సీసాకి రెండు గోడలు, రెంటికీ మధ్య గాలి కూడా లేదు. వేడిది పోస్తే వేడిగా, చల్లనిది పోస్తే చల్లగా ఉంచడం నా ఉద్యోగం. పోసినది మంచిదా చెడ్డదా అని తేల్చే పని నాకు అప్పగించలేదు. ఆ పని మనుషులు తమకోసం అట్టేపెట్టుకున్నారు. ఎంత చక్కగా చేసుకుంటున్నారో దగ్గరుండి చూశాను కాబట్టి ఇదంతా చెబుతున్నాను.

పుట్టింది ఉత్తరాదిన ఏదో కార్ఖానాలో. కొలిమి ముందు ఒకతను గొట్టం నోట్లో పెట్టుకుని ఊదితే నా కడుపు తయారైంది. ఇంకొకతను వెండిపూత పూశాడు, మరొకతను గాలి లాగేశాడు. వాళ్ళలో ఎవరూ నా వంక రెండోసారి చూడలేదు. గడ్డి పరిచిన పెట్టెలో పడుకుని రైలెక్కి, గోదావరి ఒడ్డునున్న ఒక పట్నంలో ఫ్యాన్సీ షాపు అద్దాల బీరువాలో తేలాను.

మొదట నన్ను కొన్నది పద్మనాభం గారనే రిటైరైన పోస్టుమాస్టరు. ఆయనకి ఉబ్బసం. రాత్రంతా వేడినీళ్ళు కావాలి. ఆయన దగ్గర నేను చాలా గౌరవంగా బతికాను. ఆయన పోయాక ఆయన కూతురు నన్ను రామతులసికి ఇచ్చేసింది. రామతులసి నదికి అవతల కేదారిలంకలో ఉంటుంది, జాకెట్లు కుడుతుంది. కుట్టినవి ఇవ్వడానికి వారం వారం పట్నం వస్తుంది. "ఎప్పుడన్నా ఆస్పత్రికీ దానికీ పనికొస్తుంది, ఉంచుకో తులసీ" అంది ఆ అమ్మాయి. ఫ్లాస్కుని చూడగానే మనుషులకి ఆస్పత్రే ఎందుకు గుర్తొస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

రామతులసి నన్ను ఆస్పత్రికి తీసుకెళ్ళలేదు. భర్త చేతికిచ్చింది.

ఆమె భర్త దొరబాబు పంటు సరంగు. పంటు అంటే ఇంజను బిగించిన వెడల్పాటి బల్లపరుపు పడవ. కేదారిలంక నుంచి పట్నం వెళ్ళాలంటే మనుషులు, మోటారు సైకిళ్ళు, గేదెలు, పెళ్ళికార్లు అన్నీ దాని మీదే ఏరు దాటాలి. ఎక్కడో పైన వంతెన ఉంది గానీ, బస్సులో అటు తిరిగి రావడానికి సగం పూట పడుతుంది. పంటుని నడిపేవాణ్ణి సరంగు అంటారు. దొరబాబు మంచి సరంగు. నీళ్ళ రంగు చూసి అడుగున ఇసుక ఎక్కడ మేట వేసిందో చెప్పేవాడు. మనిషి కూడా మెత్తన. ఇంట్లో గొంతు పెంచి ఎరగడు. తాగుతాడు, అంతే.

ఆ "అంతే" అన్న మాట ఆయనదే. నాది కాదు.

పొద్దున్నే రామతులసి అల్లం దంచి టీ కాచి నా నిండా పోసేది. దొరబాబు పంటు దగ్గరికి వెళ్ళగానే ఆ టీ మొత్తం ఏలియాకి పోసేసేవాడు. ఏలియా పంటుకి తాళ్ళు వేసే మనిషి. రేవు తగలగానే ఒడ్డు మీది గుంజకి తాడు విసిరి బిగించడం, బయల్దేరేటప్పుడు విప్పడం అతని పని. వయసులో దొరబాబు కన్నా చాలా పెద్ద. మాట తక్కువ. "తాగు ఏలియా, వేడిగా ఉంది" అని దొరబాబు అంటుంటే రేవంతా ఆయన మంచి మనసుని మెచ్చుకునేది. ఏలియా టీ తాగడం అయ్యేసరికి నేను ఖాళీ. పట్నం వైపు రేవు మెట్లు ఎక్కగానే బ్రాందీ షాపు. అక్కడ నేను మళ్ళీ నిండేదాన్ని. పంటు మీద సరంగు మూతలో పోసుకుని గుటక వేస్తుంటే జనం టీ అనుకునేవారు. నా పువ్వుల తొడుగుని చూసి అనుమానపడిన వాళ్ళు లేరు.

దొరబాబుకి తను తాగుబోతునన్న అనుమానం కూడా లేదు. అందుకు ఆయన దగ్గర గట్టి రుజువుంది. ఏటా చలికాలంలో అయ్యప్ప మాల వేసుకునేవాడు. నల్లబట్టలు, చన్నీళ్ళ స్నానం, నేల మీద పడక. ఆ మండలం, అంటే నలభై ఒక్క రోజులు, చుక్క ముట్టేవాడు కాదు. కొండకి వెళ్ళొచ్చి మాల తీసిన సాయంత్రమే షాపు ముందు ఉండేవాడు. "తాగుబోతయితే మండలం ఆగగలడా?" అని అడిగేవాడు. అడిగింది సాటి స్వాములనే కాబట్టి, వాళ్ళూ మాలలు తీసి అక్కడే నిలబడి ఉన్నారు కాబట్టి, అందరికీ ఆ మాట సబబుగానే తోచేది.

ఒకరోజు సాయంత్రం పంటు నది మధ్యలో ఇసుక మేట ఎక్కి ఆగిపోయింది. నీళ్ళ రంగు చూసి చెప్పగలిగిన మనిషి ఆ రోజు నీళ్ళ వంక చూడనే లేదు. పంటు ఒక పక్కకి ఒరిగింది. మోటారు సైకిళ్ళు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఒక ముసలమ్మ రెయిలింగు పట్టుకుని వేలాడింది. జాకెట్ల సంచితో రామతులసి కూడా అదే పంటు మీద ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు. నాటు పడవలు వచ్చి అందరినీ దింపాయి. దొరబాబు మాత్రం ఇంజను గదిలో నన్ను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, "మేట నిన్న ఇక్కడ లేదు, నిన్న లేదు" అంటూ ఉండిపోయాడు.

రేవుని వేలంలో పాడుకున్న పాటదారు ఆయన్ని చక్రం దగ్గర్నుంచి తప్పించి తాళ్ళ పనిలో వేశాడు. అది అందరికీ తెలిసిన శిక్ష. రామతులసి వేసిన శిక్ష ఎవరికీ తెలియదు. ఆమె ఆ తర్వాత భర్త ఉన్న పంటు ఎక్కలేదు. పట్నం వెళ్ళాలంటే రేవు దాకా వచ్చి, ఎడమ చేతి వైపు తిరిగి బస్సు ఎక్కి, వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళేది. ఒడ్డున నిలబడి ఆయన ప్రతిసారీ చూసేవాడు.

ఆమె ఊరుకున్నదీ లేదు. పట్నంలో గోడల మీద "తాగుడు మాన్పించబడును, తెలియకుండా ఇవ్వవచ్చును" అని రాసిన వైద్యుడి దగ్గరికి వెళ్ళి పొడి తెచ్చింది. పొద్దున టీలో కలిపి, దేవుడి పటం ముందు నన్ను కాసేపు ఉంచి, ఆయన చేతికిచ్చింది. ఆ టీ ఎవరు తాగుతారో నాకు తెలుసు. చెప్పే నోరు నాకు లేదు.

ఏలియా మొదటి గుక్క నోట్లో పోసుకుని మింగకుండా ఆగాడు. కాసేపు నోట్లోనే తిప్పి, పక్కకి తిరిగి ఏట్లో ఉమ్మేశాడు. అతనికి కోపం వస్తుందనుకున్నాను. అతను మూత మళ్ళీ వాసన చూసి నవ్వాడు.

"మీ ఆవిడ పొడి కొన్నారండి" అన్నాడు.

"ఏం పొడి?" అన్నాడు దొరబాబు.

"తాగుడు మాన్పించే పొడండి. మా ఇంటిది నాకు రెండు చలికాలాలు పెట్టింది. పులుసులో కలిపింది, పెరుగులో కలిపింది. ఈ చేదు నేను చచ్చినా మర్చిపోను. దానివల్ల నా కడుపు పాడైందిగానీ తాగుడు మానలేదు."

దొరబాబు మొహం మాడిపోయింది. "నువ్వు తాగేవాడివా?" అన్నాడు. ఏలియాని ఆయన ఎన్నాళ్ళుగానో ఎరుగును. టీ తప్ప ఏమీ తాగగా చూడలేదు.

"ఇప్పటికీ తాగుబోతునేనండి. తాగట్లేదంతే" అన్నాడు ఏలియా. తర్వాత తాడు చుట్టుకుంటూ, మామూలు సంగతి చెబుతున్నట్టు చెప్పాడు. "ఆదివారం సాయంత్రం పట్నంలో మిషను బడిలో మీటింగు ఉంటుందండి. మాలాంటోళ్ళం కూర్చుంటాం. రండి ఓసారి. ఇంటికెళ్ళి ఆవిణ్ణి ఏమీ అనకండి. భయపడి చేసింది."

ఆయన ఇంటికెళ్ళి ఆమెని ఏమీ అనలేదు. ఆ విషయంలో నేను దొరబాబుని మెచ్చుకుంటాను.

మొదటి ఆదివారం నన్ను చంకన పెట్టుకుని మిషను బడి గేటు దాకా వెళ్ళాడు. వాచ్‌మన్ "ఎవరు కావాలండి?" అన్నాడు. తాగుబోతుల మీటింగు ఎక్కడ అని అడగడానికి ఆయనకి నోరు రాలేదు. నీళ్ళు నమిలాడు. "పిల్లాణ్ణి చేర్పించడానికా?" అని వాచ్‌మనే సాయం చేశాడు. "ఆఁ" అన్నాడు దొరబాబు. ఆయనకి పిల్లలు లేరు. "రేపు రండి, హెడ్‌మాస్టారు ఉంటారు" అన్నాడు వాచ్‌మన్. "అలాగే" అని వెనక్కి తిరిగి తిన్నగా బ్రాందీ షాపుకి వెళ్ళి నన్ను నింపించాడు. నవ్వొచ్చింది నాకు, కడుపులో పడింది చూసి ఆ నవ్వు పోయింది.

తర్వాతి ఆదివారం ఏలియా గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు.

మూడో తరగతి గది. గోడల మీద ఎక్కాలు, పళ్ళ బొమ్మలు. బెంచీలు చిన్న పిల్లలవి కావడంతో పెద్ద పెద్ద మగవాళ్ళు మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు. ఒకాయన బ్యాంకులో ఆఫీసరు, పేరు ముకుందరావు. ఇంకొకతను మోటారు మెకానిక్కు. మరో ఇద్దరు ముగ్గురు. ఆ ఆఫీసరు లేచి, "నా పేరు ముకుందరావండి, నేను తాగుబోతుని" అన్నాడు. మిగతావాళ్ళంతా "నమస్తే ముకుందరావు గారూ" అన్నారు. తెలుగునాట తాగుబోతుకి "గారు" తగిలించి నమస్కారం పెట్టడం నేను అక్కడే చూశాను. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డం రాకూడదని అక్కడ కట్టుబాటు. సలహాలు కూడా ఇవ్వకూడదట. మనవాళ్ళు నలుగురు కూర్చుని సలహా ఇవ్వకుండా లేవడం అన్నిటికన్నా పెద్ద వింత.

దొరబాబు వంతు వచ్చింది. లేచి, "నా పేరు దొరబాబు" అని కూర్చున్నాడు. చాలా ఆదివారాలు అంతే. ఒకరోజు మాత్రం అలా కూర్చోబోయి మళ్ళీ లేచాడు. "నా పెళ్ళాం నా పంటు ఎక్కదండి" అన్నాడు. ఎవరూ ఓదార్చలేదు. అందరూ "నమస్తే దొరబాబు గారూ" అన్నారు. ఆ రోజు నుంచి ఆయన షాపు మెట్ల వైపు వెళ్ళలేదు.

అప్పటినుంచి ఏలియా ఆయన నోట "ఏలియా గారు" అయ్యాడు. రేవులో కూడా అలాగే పిలిచేసరికి తాళ్ళవాడికి గారేమిటని జనం వింతగా చూశారు. మీటింగు అయ్యాక అందరికీ టీ పోసే పని నాకొచ్చింది. ఆదివారం రామతులసి నా నిండా టీ పోసిచ్చేది, పొడి లేకుండా. సంగతంతా దొరబాబు ఆమెకి చెప్పాడు. బయట మాత్రం చెప్పలేదు, అక్కడి మాట అక్కడే ఉండాలి కదా. దాంతో సరంగు దొరబాబు మతం పుచ్చుకున్నాడని లంకంతా గుప్పుమంది. చలికాలం రాగానే ఆయన ఎప్పటిలా మాల వేసుకుని, నల్లబట్టలతో, నుదుట విభూతితో ఆదివారం సాయంత్రం మిషను బడిలోకి వెళుతుంటే ఆ పుకారు పుట్టించినవాళ్ళకి ఏమనాలో తోచలేదు.

పాటదారు ఆయన్ని మళ్ళీ చక్రం దగ్గర కూర్చోబెట్టాడు. ఆదివారాలు నాలుగింటి పంటుని పట్నం చేర్చి, అక్కడ ఇంకో సరంగుకి అప్పగించి మీటింగుకి వెళ్ళేవాడు. అన్నీ కుదుటపడ్డాయి. రామతులసి మాత్రం బస్సులోనే తిరుగుతోంది. సాయంత్రం నేను ఇంటికి రాగానే బిరడా తీసి వాసన చూసేది. ఒకరోజు ఆయన ఉండబట్టలేక అడిగేశాడు.

"ఇంకా బస్సేనా తులసీ? నేను తాగట్లేదు కదా."

"ఇవాళ తాగలేదని నాకు తెలుసండి" అంది ఆమె. "తాగిన రోజు నాకెవరు చెబుతారు?"

ఆయన నన్ను తీసి చిలక్కొయ్యకి తగిలించాడు.

కొండకి వెళ్ళొచ్చి మాల తీసింది ఒక ఆదివారం పొద్దున. ఆ రోజు ఆయనకి ఇంకా సెలవే. రామతులసి ఎప్పటిలాగే మీటింగుకని టీ పోసిచ్చింది. పట్నం రేవు దిగేసరికి సాటి స్వాములు షాపు ముందు ఉన్నారు. మాల తీసిన రోజు అక్కడ నిలబడడం ఆ కాళ్ళకి అలవాటు. "ఏం సామీ, మాల తీశాక కూడా వద్దంటావా?" అన్నారు. అంతే. నా టీ మెట్ల పక్కన మట్టిలోకి పోయింది. నాలోకి బ్రాందీ వచ్చింది. దొరబాబు ఒక మూత తాగాడు. రెండో మూత పోసుకోబోయి, ఆగి, బిరడా పెట్టేశాడు. ఎక్కడికి వెళ్ళాలో తెలియక కాసేపు రోడ్డు మీద తిరిగాడు. చివరికి కాళ్ళు మిషను బడికే వచ్చాయి.

ఆ రోజు ఆయన వంతు వచ్చినప్పుడు తల అడ్డంగా ఊపాడు. మాట్లాడకపోయినా అక్కడ తప్పు లేదు. మీటింగు ముగిసింది. ముకుందరావు గారు స్టీలు గ్లాసులు బెంచీ మీద వరసగా పెట్టి, తన గ్లాసు చేత్తో పట్టుకుని, "పోయండి దొరబాబు గారూ" అన్నాడు. మిగతావాళ్ళూ చేతులు చాపారు. దొరబాబు నన్ను బిరడాతో సహా గట్టిగా పట్టుకున్నాడు. నన్ను అక్కడే వదిలేసి పారిపోతాడేమో అనుకున్నాను.

బిరడా తీశాడు. "ఇందులో టీ లేదండి" అన్నాడు.

వాసన గది నిండా పరుచుకుంది. చాపిన చేతులు చాపినట్టే ఉన్నాయి. ముకుందరావు గారు తన చేతిలో గ్లాసు ఇంకా నా వైపే ఉందని గమనించి, దాన్ని బెంచీ మీద బోర్లించాడు.

"ఎంత తాగారండి?" అన్నాడు ఏలియా.

"ఒక మూత."

"మిగతాది లోపలే ఉందా?"

"ఉంది."

"నేను పారబోసొస్తా" అని మెకానిక్కు లేచాడు. "నువ్వొక్కడివే వద్దు" అన్నాడు ఏలియా. "పోనీ నేను వెళతాను" అన్నాడు ముకుందరావు. "మీరూ వద్దండి. నేను కూడా ఒక్కణ్ణీ వెళ్ళను." అక్కడున్న ఏ ఒక్కరికీ తనమీద తనకి నమ్మకం లేదు, పక్కవాడి మీద అసలే లేదు. దాంతో ఒక ఫ్లాస్కు ఖాళీ చేయడానికి ఆ పెద్దమనుషులందరూ కలిసి బయల్దేరారు. బడి వెనక పిల్లలు చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర అందరూ చూస్తుండగా దొరబాబు నన్ను వంచాడు. ఆఖరి చుక్క పడేదాకా ఒకరి ఊపిరి ఒకరికి వినబడింది. ముకుందరావు గారు పిల్లల సబ్బు ముక్క తీసి నన్ను తనే కడిగాడు. ఎవరూ తిట్టలేదు. "వచ్చే వారం రండి" అన్నారు, ఎప్పుడూ అన్నట్టే.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళ. రామతులసి బిరడా తీసి వాసన చూసింది. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. తృప్తిగా నన్ను చిలక్కొయ్యకి తగిలించి వంటింట్లోకి వెళ్ళింది. ఆయన తాగిన ఆ ఒక్క మూత వాసన ఆయన నోట్లో కూడా మిగల్లేదు. ఇక ఎవరికీ తెలిసే దారి లేదు. దొరబాబు గుమ్మంలోనే నిలబడ్డాడు. ఎంతోమంది చేతుల్లో తిరిగాను గానీ, ఒక మనిషి కోసం నేను భయపడింది అప్పుడే.

"తులసీ" అన్నాడు. "ఇవాళ తాగాను."

ఆమె వంటింటి గడప దగ్గర ఆగిపోయింది. "ఫ్లాస్కులో వాసన లేదే."

"కడిగేశారు. నీకు తెలిసేది కాదు. అందుకే చెబుతున్నాను."

జరిగిందంతా నిలబడే చెప్పాడు. ఆమె పీట మీద కూర్చుని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తర్వాత లేచి, "అన్నం తింటారా?" అంది. తిన్నాడు.

ఇప్పుడు నేను వాళ్ళ అటక మీద ఉన్నాను. నా గాజు పగిలిపోయింది. దాన్ని మార్చడానికి గాజు ఇప్పుడు రావడం లేదని షాపువాడు అన్నాడట. పారేయడానికి రామతులసికి మనసు రాలేదు. దొరబాబు మళ్ళీ ఎప్పుడైనా తాగాడా అంటే నేను హామీ ఇవ్వలేను. ఏ ఫ్లాస్కూ ఇవ్వలేదు, ఆ మూడో తరగతి గదిలోని వాళ్ళు కూడా ఇవ్వరు. నేను పగిలిన రోజు సంగతి ఒక్కటి మాత్రం చెప్పగలను.

అది ఆ తర్వాతి ఆదివారమే. మంచు బాగా కురిసిన పొద్దున. కుండలోని చన్నీళ్ళతో నన్ను కడిగి, అలాగే మరుగుతున్న టీ పోసేసింది రామతులసి. నా కడుపు గలగలమంటూ విరిగింది. ఆమె నొచ్చుకుంది. గాజు మార్పిద్దామని నన్ను జాకెట్ల సంచిలో మెడ బయటికి ఉండేలా పెట్టుకుంది. మధ్యాహ్నం దాటాక మళ్ళీ టీ కాచి స్టీలు క్యానులో పోసి, చల్లారకుండా పాత తువ్వాలు చుట్టింది. దొరబాబు పొద్దున్నే ఖాళీ చేతులతో పంటు మీదికి వెళ్ళిపోయాడు. ఆమె నాలుగింటి పంటు వేళకి రేవు దాకా వచ్చింది. ఎడమ వైపు తిరగాలి, బస్సు నిలబడి ఉంది. సంచి కదిలిన తీరుని బట్టి ఆమె ఆగిందని తెలిసింది. తర్వాత కింద రేవు మెట్లు వచ్చాయి.

తాడు విప్పబోతున్న ఏలియా తలెత్తి చూశాడు. "అమ్మా, బస్సు అటండి" అన్నాడు.

"తెలుసండి" అంది రామతులసి. పంటు మీదికి ఎక్కి చక్రం గదికి దగ్గరగా, రెయిలింగు పట్టుకుని నిలబడింది.

పంటు బయల్దేరలేదు. జనం వెనక్కి తిరిగి చూశారు. దొరబాబు చక్రం మీద చేతులు పెట్టి ఆమెనే చూస్తున్నాడు. ఎవరో "సరంగు గారూ, ఇవాళ వెళతామా?" అనడంతో ఇంజను లేచింది. ఆ రోజు పంటు ఎంత నెమ్మదిగా నడిచిందంటే, మోటారు సైకిళ్ళ కుర్రాళ్ళు విసుక్కున్నారు. మేట ఉన్న చోటికి వచ్చినప్పుడు ఆమె రెయిలింగుని మరింత గట్టిగా పట్టుకుంది. భయం పోయి ఎక్కలేదు ఆవిడ, భయంతోనే ఎక్కింది. దొరబాబు నీళ్ళ మీంచి చూపు తిప్పలేదు. పంటు మేటని చుట్టి వచ్చి, ఆ ఒడ్డుకి తగిలింది. తగిలినట్టు కూడా తెలియలేదు.

జనమంతా దిగారు. రెండో సరంగుకి చక్రం అప్పగించి దొరబాబు ఆమె ముందుకి వచ్చాడు. క్యాను అందుకోబోయాడు.

"నేను తెస్తాను లెండి, మీరు దారి చూపించండి" అంది రామతులసి. "టీ చల్లారిపోతుంది."